కాయకు పది పైసలు: కోనసీమ కొబ్బరి కూలి బేరం

(ఐనవిల్లి స్మారకోపన్యాస పాఠం)

వలుపు కూలి వెయ్యి కాయలకు వంద రూపాయలు పెంచమని కార్మికులు అడిగారనుకుందాం. అంటే కాయకు పది పైసలు. అదే వెయ్యి కాయల ధర బజారులో ఒక్క వెయ్యి రూపాయలు అటోఇటో కదిలితే కాయకు రూపాయి తేడా. కోనసీమలో ధర అలా కదలడానికి ఒక్కోసారి వారం కూడా పట్టదు. ఆ రూపాయిని రైతూ వర్తకుడూ శ్రావణంలో వానలా సరిపెట్టుకుంటారు. పది పైసల దగ్గర మాత్రం పని ఆగుతుంది, పెద్దమనుషులు దిగుతారు, మాటలు అర్ధరాత్రి దాకా సాగుతాయి. రూపాయికి లేని రగడ పది పైసలకు ఎందుకు? ఈ ఉపన్యాసానికి విషయం ఆ ప్రశ్నే.

ఐనవిల్లి అనగానే బయటి ఊళ్లవారికి సిద్ధి వినాయకుడు గుర్తొస్తాడు. పరీక్షల ముందు ఆయన సన్నిధిలో పూజించిన పెన్నుల కోసం వచ్చే పిల్లలూ గుర్తొస్తారు. స్వామి ముందు కొట్టే కాయ ఎన్ని చేతులు దాటి వచ్చిందో ఎవరూ లెక్కవేయరు. చెట్టెక్కి గెల కోసేవాడు దింపు కార్మికుడు, డొక్క తీసేవాడు వలుపు కార్మికుడు, బస్తాను లారీకెత్తేవాడు మోత కార్మికుడు. పక్క మండలంలోని అంబాజీపేట మార్కెట్ ఉత్తరాది ఊళ్లకు పేరు నిలబెట్టుకున్నది ఈ ముగ్గురి రెక్కల మీదే.

వీళ్లది నైపుణ్యమా, వట్టి కూలిపనా? బేరంలో మొదటి తగువు వచ్చేది ఇక్కడే. దింపువాడు ఏ గెల పండిందో, ఏది ఇంకో నెల ఆగాలో పసిగట్టాలి. లేత గెలకు తగలకుండా కత్తి ఆడాలి. గాలి వీస్తున్నా, మాను తడిగా ఉన్నా, ఒంటి బరువంతా కాళ్ల బంధం మీదే. వలుపువాడు నేలలో నిలువుగా పాతిన ఇనుప మొనకు కాయను గుచ్చి, మణికట్టు తిప్పి, మూడు నాలుగు విడతల్లో డొక్క ఊడదీస్తాడు. టెంక చిట్లితే ఆ కాయ దూరం పోదు. పోవలసిన కాయకు కళ్ల మీద పిలక వదలాలి, లేకపోతే దారిలోనే చెడుతుంది. చేయి తిరిగినవాడు రోజుకు వెయ్యి కాయల పైన వలుస్తాడు. కొత్తవాడు అందులో సగం వలిచేసరికే అరచెయ్యి చీరుకుపోతుంది. ఇంత పనికీ సర్టిఫికెట్ ఇచ్చే బడి ఊళ్లో లేదు కాబట్టి, కాగితం మీద ఇది తేలికపాటి పనిగానే చెలామణి అవుతుంది. వెల్డర్‌కు ఐటీఐ కాగితం ఉంటుంది, వలుపువాడికి అరచేతి కాయలే ఉంటాయి.

నైపుణ్యం ఉన్నంత మాత్రాన కూలి పెరగదు. అమెరికా గణితవేత్త జాన్ నాష్ 1950లో బేరం మీద ఒక వ్యాసం రాశాడు. 1994లో ఆయనకు ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. ఆ వ్యాసంలోని సూత్రాలన్నీ పక్కన పెట్టినా ఒక ప్రశ్న మిగులుతుంది: బేరం తెగకపోతే ఎవరి చేతిలో ఏం ఉంటుంది? 1776లోనే ఆడమ్ స్మిత్ ఈ మాట మరో దారిన చెప్పాడు. పని ఆగితే యజమాని ఏడాది రెండేళ్లు నెట్టుకురాగలడు, పనివాడికి వారం గడవడమే కష్టం.

కొబ్బరిలో ఈ లెక్కకు ఒక మెలిక ఉంది. పండిన కాయ చెట్టు మీద కొన్నాళ్లు ఆగుతుంది. దింపిన కాయ రాశిలో ఆగుతుంది. కురిడీకి, అంటే టెంకలోనే ఎండడానికి, వేసిన కాయైతే అటక మీద నెలల తరబడి ఆగుతుంది. ఆగలేనిది లారీ. దసరా, దీపావళి, ఛఠ్ పండుగలకు ఉత్తరాదికి చేరవలసిన సరుకు పండుగ దాటాక చేరితే దాని ధర వేరు. అందుకే ఏడాదంతా కూలివాడిదే తొందర. ఆ కొద్ది వారాలు మాత్రం తొందర వర్తకుడి వైపు మళ్లుతుంది. సమ్మె మాట పండుగల ముందు వినిపిస్తే దాన్ని అత్యాశ అనేవారున్నారు. పండుగ ముందు కాయ ధర పెంచి అమ్మడాన్ని ఎవరూ అత్యాశ అనరు, వ్యాపారం అంటారు.

పనివాడికి ఆగే శక్తి పండుగ ఒక్కటే ఇవ్వదు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ పథకం కూలివాడికి మరో దారి చూపింది. 2025-26లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ పథకం దినసరి కూలి రూ.307. దింపు, వలుపు పనివాడి సంపాదనతో పోలిస్తే అది చిన్న మొత్తమే కావచ్చు. కానీ 'నువ్వు కాకపోతే నాకు వేరే పని లేదా?' అనడానికి కింద ఒక నేల ఉండాలి. రాజోలు, మలికిపురం వైపు కుటుంబాలకు ఆ నేల గల్ఫ్. కువైట్‌లో అన్నో అక్కో ఉన్న ఇంటి కుర్రాడు చెట్టెక్కే పనికి ఒప్పుకునే రేటు వేరుగా ఉంటుంది.

ఆ నేల ఒక్క కాగితంతో కుంగిపోవడమూ తెలుగువారు చూశారు. గల్ఫ్ దేశాలకు వెళ్లే భారతీయ కార్మికులకు కేంద్రం నిర్దేశించే కనీస వేతనాలను 2020 సెప్టెంబరులో 30 నుంచి 50 శాతం దాకా తగ్గించారు. కరోనా కాలంలో ఉద్యోగాలు నిలవాలంటే తప్పదన్నది వాదన. పోటీ దేశాల పనివాళ్లు తక్కువకు వస్తున్నారనీ అన్నారు. అలాంటి మాట అంబాజీపేటలోనూ కొత్త కాదు. తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యం పడింది, వలస కార్మికుల తరఫువారు పట్టు విడవలేదు. 2021లో పాత వేతనాలు తిరిగి అమల్లోకి వచ్చాయి. పోటీ పేరుతో ఒకసారి దిగిన రేటు తనంతట తాను పైకి ఎక్కదు. ఎవరో ఒకరు పని మానుకుని కోర్టు మెట్లెక్కాలి.

రైతు మాటా వినాలి. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి వేల ఎకరాల వరి చేలను బీడు పెట్టారు. రాష్ట్ర ప్రభుత్వం మోహన్ కందా అధ్యక్షతన కమిటీ వేసింది. గిట్టుబాటు కాని ధర, మురుగు దిగని చేలతో పాటు పెరిగిన కూలి కూడా అప్పుడు రైతులు చెప్పిన కారణాల్లో ఉంది. కూలివాడి ముందు యజమానిగా కూర్చునే రైతు, మిల్లరు ముందు తానే కూలివాడిలా కూర్చుంటాడు. 1996 నవంబరు 6 తుపాను కొబ్బరి తోటలను కూల్చినప్పుడు రైతుకు కాయ పోయింది, దింపువాడికి చెట్టే పోయింది. కొత్త మొక్క కాపుకు రావడానికి పట్టిన ఏళ్లలో ఎవరి రేటు పెంచమని అడగాలి?

అయితే ఎండు కొబ్బరి మద్దతు ధర 2014లో మిల్లింగ్ రకానికి క్వింటాలు రూ.5,250 ఉంటే, 2025 సీజనుకు రూ.11,582. కాయ ధర కూడా 2025లో మునుపు చూడనంత ఎత్తుకు వెళ్లింది. ఇవ్వలేమన్నవారు ధర పడిన ఏడాది లెక్కతో పాటు ధర లేచిన ఏడాది లెక్కా బల్ల మీద పెట్టాలి. వెయ్యి కాయల ధర ఒక మెట్టు ఎక్కినప్పుడల్లా కూలి కూడా ఇంత పెరగాలని ముందే రాసుకుంటే సగం రగడలు తప్పుతాయి. ధర దిగినా కూలి దిగకూడని గీత ఒకటి చట్టమే గీసింది. 2025 దాకా అమల్లో ఉన్న 1948 కనీస వేతనాల చట్టం 17వ సెక్షన్‌లో, ముక్కకింత అని పని చేయించుకున్నా, ఆ పనికి దినసరి కనీస వేతనం నిర్ణయమై ఉంటే అంతకు తగ్గకూడదని ఉండేది. ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో 1982లో సుప్రీంకోర్టు ఇంకా ముందుకు వెళ్లి, కనీస వేతనం కన్నా తక్కువిచ్చి చేయించుకునే పనిని రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన వెట్టి కిందే జమకట్టింది.

రేటు మీద ఇంత గొడవపడేవారు కొలత మీద అంత శ్రద్ధ పెట్టరు. నష్టమంతా అక్కడే జరుగుతోందని ఈ ఉపన్యాసకుడి అభిప్రాయం. దింపు కూలిని చెట్టుకింత అని మాట్లాడుకుంటే, నిచ్చెనకు అందే పొట్టి చెట్టూ తాతల నాటి పొడుగు చెట్టూ ఒకటే అవుతాయి. తోటలో పొడుగు చెట్లు ఎక్కువుంటే అదే రేటుకు దినసరి సంపాదన పడిపోతుంది. ఎత్తును బట్టి రెండు తరగతులైనా చేయమని అడగడం అయిదు రూపాయలు పెంచమనడం కన్నా లాభసాటి.

చెట్టు మీంచి పడితే ఎవరు చూసుకోవాలన్నది మరో లెక్క. కేరళలో చెట్టెక్కేవాళ్లు కరవయ్యాకే ఆ పనికి మర్యాద వచ్చింది. కొబ్బరి అభివృద్ధి బోర్డు 2011లో యువతకు యంత్రంతో చెట్టెక్కడం నేర్పడం మొదలుపెట్టింది. కన్నూరు జిల్లా చెంపేరి రైతు ఎం.జె. జోసెఫ్ రూపొందించిన ఎక్కుడు యంత్రం అలా ఊరూరా తిరిగింది. చెట్టెక్కేవారికి బోర్డు 'కేర సురక్ష' బీమా కూడా పెట్టింది. ప్రీమియంలో పెద్ద వాటా బోర్డుదే, మిగిలిన కొద్దీ కార్మికుడిది. ఆ కొద్దీ ఎవరు కట్టాలో కూలి ఒప్పందంలో ఒక వాక్యం రాసుకుంటే రైతుకు అయ్యే ఖర్చు స్వల్పం.

ఒప్పంద పత్రంలో అందరి కళ్లూ అంకె మీదే ఉంటాయి, గడువు తేదీని ఎవరూ పట్టించుకోరు. అమెరికాలో కార్ల కంపెనీల కార్మిక సంఘం 2023 సమ్మె తర్వాత కుదిరిన ఒప్పందాలు 2028 ఏప్రిల్ 30న ముగిసేలా రాయించుకుంది. మర్నాడు మేడే. మిగతా సంఘాలనూ అదే తేదీకి రమ్మని పిలిచింది. అంబాజీపేట వలుపు కార్మికులు కోరవలసిన తేదీ శ్రావణ మాసంలో ఉంది, దసరా సరుకు లారీలకు ఎక్కకముందు. వర్తకులు దాన్ని కార్తీకం దాటించమంటారు. ఈసారి మొదటి బేరం ఆ తేదీ మీద మొదలుకావాలి.