నిరుద్యోగము – దాని తెఱగులు



నిరుద్యోగి యనగానే పరీక్షలలో తేరి కచేరీల చుట్టును తిరుగుచున్న పడుచువాడు మనకు స్ఫురించును. పరకాల ప్రాంతపు పల్లెలలో నట్టివారును గలరు. కాని చేతినిండ పని లేనివారిలో పెక్కుమంది చేనిలోనే, మగ్గము ముందరనే యున్నారు. వారిని మనము నిరుద్యోగులని పిలువము.

పని చేయుటకు శక్తియు, ఇచ్ఛయు నుండి, వాడుకలోనున్న కూలికి పని వెదకియు పొందజాలనివాడు నిరుద్యోగి యని యర్థశాస్త్రజ్ఞులందురు. కనుక సోమరి వేఱు, నిరుద్యోగి వేఱు. అరుగుమీద గూర్చున్నవాని గూర్చి తీర్పు చెప్పుటకు ముందీ భేదమును తలపవలయును. (కోడికూతతో లేచి నీళ్లు మోసి, వంట చేసి, గొడ్డును సాకు ఇల్లాలి శ్రమ యీ లెక్కలలో సరిగా నెక్కదు. అది లెక్కవేయువారి లోపమే గాని యామెది కాదు.)

మన పత్తిచేలను జూడుడు. మృగశిర కార్తె వానకు విత్తు పెట్టినది మొదలు పుష్యమాసము వఱకు కలుపుతీతకును, పత్తి ఏఱుటకును చేతులు చాలవు. అటుపిమ్మట నీటివసతి లేని యిండ్లలో మఱల తొలకరి వఱకు పని యరుదు. ఇది ఋతువును బట్టి వచ్చు నిరుద్యోగము. 2005లో ఉపాధి హామీ చట్టము చేసి, కోరిన యింటికి ఏటా నూరు దినముల కూలిపని నిచ్చుటకు ప్రభుత్వము పూనుకొన్నది ముఖ్యముగా నిట్టి రోజుల కొఱకే. 2006 ఫిబ్రవరి 2వ తేదీన నది 200 జిల్లాలలో మొదలైనప్పుడు వరంగల్లు జిల్లాయు నందుండెను.

నేతగాండ్ర కష్టము మఱియొకటి. వరంగల్లులో 1934లో వెలసిన ఆజంజాహి మిల్లు వేలకొలది కుటుంబములకు కూడు పెట్టి, తుదకు మూతపడినది. చేమగ్గపు బట్టకు గిరాకి తగ్గగా నీ ప్రాంతపు నేతగాండ్రెందఱో భీవండి, షోలాపురము, సూరతు పట్టణములకు మరమగ్గముల పనికై వలసపోయిరి. ఇది వానలతో తీరునది కాదు. నేర్చిన విద్యకే విలువ పోయినది. అట్టివానిచేత చెఱువుమట్టి తవ్వించినంత మాత్రమున వాని కష్టము తీరదు. 2017 అక్టోబరులో గీసుగొండ, సంగెము మండలములలో పెద్ద జౌళి పారిశ్రామికవాడకు పునాది పడినది. అచటి యంత్రముల కవసరమైన నేర్పును క్రొత్తగా సంపాదింపవలసినదే.

వ్యాపారము మందగించినపుడు దేశమంతటను పని పోవుటయు గలదు. 1929లో మొదలైన మాంద్యమువలన 1933 నాటి కమెరికాలో పనివారిలో నించుమించు నాలుగవ వంతు ఖాళీగా నుండిరి. ఆ రోజులను జూచియే జోన్ రాబిన్సను అను ఆంగ్ల విదుషి 1936లో “మఱుగుపడిన నిరుద్యోగము” అను భావమును ప్రకటించెను. మంచి కొలువు పోయి వీథిలో అగ్గిపెట్టె లమ్ముకొనువాడు పైకి పనివాడే. నిజమునకు పని గోల్పోయినవాడు.

మన పల్లెలకు మిక్కిలి తగులునది యిదియే. మూడెకరముల చేను; తండ్రి, ఇద్దఱు కొడుకులు, కోడలు. ఇద్దఱు చేయగల పనిని నలుగురు పంచుకొందురు. వ్రాసికొనువారు వచ్చినపుడు నలుగురును రైతులే. వారమున కొక్క గంట పని చేసినను పని గలవానిగా నెన్ను లెక్కయు మన దేశమున గలదు! అయితే చిన్నవాడెక్కువైనాడని పట్టణమునకు బంపివేయుటయు తొందరపాటే. వైశాఖమున నెక్కువైనవాడు కార్తికమున పత్తి పగిలినపుడు లేకున్న కూలికి మనిషిని వెదకవలసివచ్చును. అతనికి గావలసినది యూరికి దగ్గరగా నాలుగైదు నెలల పని.

గ్రామసభలో “నీ పని యేమి?” అని యడిగినచో “సేద్యము” అని యొక్కటే జవాబు వచ్చును. “నిరుడే నెలలో ఎన్ని దినములు పనికి బోతివి? ఏ పని తెలియును?” అని యింటింటిని అడిగి వ్రాయింపుడు. చెఱువుపని యెవరికి, క్రొత్త నేర్పు ఎవరికి కావలెనో యా కాగితమే చెప్పును.