తెగిన కొమ్మలు

తర్పణమున పితృవర్గమునే కాదు, మాతామహవర్గమును కూడ మూడు తరముల పేర్లతో స్మరింపవలెను. 2015 గోదావరి పుష్కరములలో పిండప్రదానమునకు కూర్చున్న అనేకులు మాతామహుని తండ్రి పేరు చెప్పలేక తలవంచుట మేము చూచితిమి. ఏలన, ఆడపడుచు మెట్టినింటికి పోగానే పుట్టినింటి వంశవృక్షమున ఆ కొమ్మ తెగును. అది వేరొక ఊరి పుస్తకమున చిగిర్చియుండును.

కావున గోదావరి తీరమున ఊరూర వంశావళులు సేకరించు సంఘములవారందరు మహాలయ పక్షమునకు ముందే కొవ్వూరు గోష్పాద క్షేత్రమున ఒక్కచోట కూడవలెనని మా అభిప్రాయము. ప్రతి సంఘము తన తాళపత్రములను, చేతివ్రాత పుస్తకములను తెచ్చి, గోత్రము, ఇంటిపేరు, స్వగ్రామము ఇతరులతో సరిచూచుకొనవలెను. ఉపన్యాసములు తగ్గింపుడు, వృద్ధులను ముందు కూర్చుండబెట్టి, వారు చెప్పిన పేర్లను వ్రాసికొనుడు. మరుసటి సభకు వారుందురో లేదో!

స్వస్తి.