శాలువా కాదు, పదిహేను రోజులు

(మండల కార్యాలయంలో జరిగిన ఉద్యోగుల కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను కళల గురించి మాట్లాడమన్నారు. నేను కళాకారుణ్ణి కాను. ఉద్యోగమంతా లెడ్జర్లతో, వోచర్లతో గడిచింది. అందుకని కళ గురించి కాకుండా, కళకి మనం ఇచ్చే డబ్బు గురించి చెబుతాను. అందులో నేను చేసిన పొరపాటు ఒకటి ఉంది. ముందు అదే చెప్పేస్తాను.

మన బ్యాంకులు లాభంలోంచి కొంత సమాజానికి ఇస్తాయని మీకు తెలుసు. రిజర్వు బ్యాంకు 2005లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, లాభాల్లో ఉన్న బ్యాంకు ముందటి ఏడాది లాభంలో ఒక శాతం దాకా విరాళాలుగా ఇవ్వవచ్చు. ఆ దరఖాస్తులు చూసే సీటులో నేను కొన్నేళ్లు కూర్చున్నాను. బెంచీలు, ఫ్యాన్లు, నీళ్ల యంత్రాలు, కంప్యూటర్లు ఇచ్చాం. వాటి మీద బ్యాంకు పేరు రాయించాం. ఫోటో తీసి ఫైల్లో పెట్టాం.

ఒకసారి అనంతపురం వైపు నుంచి ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయురాలు దరఖాస్తు పంపారు. తోలుబొమ్మలాట కళాకారుడు ఒకాయన పదిహేను పనిదినాలు బడిలో ఉండి, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు బొమ్మలు చెయ్యడం, ఆడించడం నేర్పుతారు. మొత్తం 60,000 రూపాయలు. కళాకారుడికి రోజుకు 1,000, వెంట వచ్చే కొడుక్కి 700 చొప్పున 25,500. తోళ్లు, రంగులు, ఉలులకు 14,500. రాకపోకలు, బసకు 12,000. చివరిరోజు ప్రదర్శనకు 8,000. లెక్క పైసాతో సహా సరిపోయింది.

నేను ఎర్ర పెన్ను తీసుకుని ఆ 25,500 చుట్టూ సున్నా చుట్టాను. "దీనివల్ల ఏ ఆస్తీ ఏర్పడదు" అని పక్కన రాశాను. రెండు రోజుల శిక్షణ చాలని, మిగిలిన డబ్బుతో మైకు సెట్టు కొనమని సూచించాను. ఆ మేడమ్ ఫోన్ చేశారు. "సార్, మైకు సెట్లు మాకు ఇప్పటికే రెండున్నాయి. బొమ్మ చెయ్యడం నేర్పే మనిషి ఒక్కరూ లేరు" అన్నారు. నియమాలు అలా ఉన్నాయని చెప్పాను. నిజానికి అలాంటి నియమం లేదు. అది నా అలవాటు, అంతే.

ఆ రెండు రోజులూ చూడటానికి నేనే వెళ్లాను. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలూ కొవ్వూ గీకి, బిగించి ఆరబెడితేగాని వెలుతురు దూరేంత పలచగా తయారవదు. ఆ తర్వాత గీత గీయాలి, కత్తిరించాలి, నగలూ అంచులూ కనబడేలా ఉలితో చిల్లులు కొట్టాలి, రెండు వైపులా రంగు వెయ్యాలి, చేతులూ కాళ్లూ కదిలేలా దారంతో కట్టాలి. ఇదంతా రెండు రోజుల్లో ఎలా అవుతుంది? పెద్దాయన ఇంటినుంచి తెచ్చిన పాతబొమ్మల్ని పిల్లలు పట్టుకుని ఫోటోలు దిగారు. మేం ఆయనకు శాలువా కప్పి, కవర్లో రెండు వేలు పెట్టి ఇచ్చాం.

వెళ్లేముందు ఆయన శాలువా మడతపెడుతూ అన్నమాట నాకింకా గుర్తుంది. "ఇట్లాంటివి మా ఇంట్లో ఇరవైదాకా ఉండాయి సార్. తోలు కొనేదానికి పోతే శాలువా తీసుకోరు గదా." కోపంగా అనలేదు. నవ్వుతూనే అన్నారు. రైల్లో వచ్చినంతసేపూ నాకు అదే మాట.

ఈ కళ మనకు కొత్తది కాదు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అయినా రాత్రంతా ఆట ఆడించే ఊళ్లు తగ్గిపోవడంతో, చాలామంది దీపాల తొడుగులూ గోడకు తగిలించే బొమ్మలూ చేసి బతుకుతున్నారు. పేరుంది, గుర్తింపుంది. రోజుకూలీ లేదు.

మర్నాడు ఆఫీసుకు వెళ్లి, చదవకుండా పక్కన పడేసిన కాగితాలు చదివాను. 2020 జాతీయ విద్యావిధానం ప్రతి పాఠశాలలో గానీ, పాఠశాలల సముదాయంలో గానీ కొన్నాళ్లు ఉండి పనిచేసే కళాకారులు ఉండేలా చూడాలంటుంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగులు, కుమ్మరులు, తోటమాలులు, కళాకారుల దగ్గర పిల్లలు పని నేర్చుకోవాలనీ చెబుతుంది. మన పక్క రాష్ట్రం కర్ణాటకలో, ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ అనే సంస్థ "కలి-కలిసు" పేరుతో ప్రభుత్వ బడుల ఉపాధ్యాయులకూ కళాకారులకూ నిధులిస్తోంది. కన్నడంలో ఆ మాటకు "నేర్చుకో, నేర్పు" అని అర్థం. అంటే ఆ మేడమ్ అడిగింది వింత కోరిక కాదు.

మరుసటి ఏడు నేనే ఆవిడకు ఫోన్ చేశాను. పాత దరఖాస్తునే మళ్లీ పంపమన్నాను. ఈసారి పదిహేను రోజులూ జరిగింది.

నాలుగో రోజు వెళ్తే వరండా అంతా తోలు వాసన. పిల్లలు ముక్కు మూసుకోవడం మానేసినట్టున్నారు. పదకొండో రోజు వెళ్తే, సైన్స్ టీచరు కాంతి పాఠాన్ని తెర వెనకాలే చెబుతున్నారు. బొమ్మ తెరకు ఆనితే రంగు స్పష్టంగా పడుతుంది, జానెడు వెనక్కి లాగితే మసకబారుతుంది. ఎందుకో చెప్పండని అడుగుతున్నారు. తరగతిలో నోరు విప్పడని పేరున్న ఒక పిల్లాడు, తెర వెనక కేతిగాడి గొంతులో గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతున్నాడు.

చివరిరోజు రామాయణ ఘట్టం మధ్యలో హాస్యం వచ్చింది. పూర్వం నుంచీ ఆ హాస్యగాళ్లు ఊళ్లో ఆనాటి సంగతులే మాట్లాడతారు. మన పిల్లలు సొంతంగా రాసుకున్నారు: జుట్టుపోలిగాడు ఎవరో ఫోన్ చేస్తే ఓటీపీ చెప్పేశాడు, బంగారక్క చీపురు పట్టుకుని వెంటబడింది. ఊరంతా పగలబడి నవ్వింది. మన బ్యాంకు ఎన్ని కరపత్రాలు పంచినా ఆ ఊళ్లో ఓటీపీ సంగతి అంతగా ఎక్కలేదని మా బ్రాంచి మేనేజరే ఒప్పుకున్నారు.

అప్పటినుంచి ఇలాంటి దరఖాస్తు వస్తే నేను నాలుగు సంగతులు చూసేవాణ్ణి. ఒకటి, కళాకారుడు ఎన్ని రోజులు ఉంటాడు? పదికి తగ్గితే అది ప్రదర్శన, నేర్పడం కాదు. రెండు, రోజుకింత అని కూలీ రాశారా? అది కవర్లో కాకుండా ఆయన ఖాతాలోనే పడుతుందా? మూడు, సగం డబ్బు ముందే ఇస్తున్నామా? వినియోగ ధ్రువపత్రం వచ్చాకే ఇస్తామంటే, తోళ్లు కొనడానికి ఆయన వడ్డీకి తేవాలి. వడ్డీ అంటే ఏమిటో మనకు తెలియనిదా! నాలుగు, బడిలోని ఒక టీచరు అన్ని రోజులూ ఆయన పక్కనే కూర్చుని నేర్చుకుంటున్నారా? కళాకారుడు వెళ్లిపోయాక బడిలో మిగిలేది ఆ టీచరే.

ఆ బడిలో అదే జరిగింది. తర్వాతి ఏడాది పెద్దాయన అయిదు రోజులే వచ్చారు. మిగతాది డ్రాయింగ్ టీచరు చేయించారు. ఖర్చు మూడో వంతుకు తగ్గింది.

మీ అందరినీ ఒకటే అడుగుతాను. మీ పిల్లల బడుల్లో తల్లిదండ్రుల సమావేశాలకు వెళ్తారు. వార్షికోత్సవానికి ఎవర్ని పిలుస్తున్నారని అడుగుతారు. ఈసారి, వచ్చినవాళ్లు ఎన్ని రోజులు ఉంటారు, వాళ్లకు ఎంత ఇస్తున్నారు అని కూడా అడగండి. మన ఊళ్లలో బుర్రకథ చెప్పేవాళ్లున్నారు, కలంకారీ వేసేవాళ్లున్నారు, చేనేతవాళ్లున్నారు. నేర్పడానికి వాళ్లు సిద్ధం. ఆ రోజుల కూలీ ఎవరిస్తారన్నదే ప్రశ్న.

ఫైల్లో "ఏర్పడిన ఆస్తి" అనే గడి ఇంకా ఉంది. ఆ ఏడాది అందులో ఏం రాయాలో నాకు తోచలేదు. చివరికి "తోలుబొమ్మలు 11, నేర్చుకున్న పిల్లలు 42, టీచరు 1" అని రాశాను. ఆడిట్‌లో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.