సభాకంపానికి కొలత

సభాకంపాన్ని మూడు చోట్ల కొలవాలి: కళాకారుడు చెప్పే మాటలో, అతని ఒంట్లో, అతని సంగీతంలో. ఈ మూడూ ఒకే సాక్ష్యం చెబుతాయన్న నమ్మకం లేదు. గొంతు తడారిపోయిందని వాపోయిన గాయని పాటలో ఒక్క అపస్వరమూ దొర్లకపోవచ్చు. భయమేమీ లేదన్న వైణికుడి గుండె దడదడలాడుతూ ఉండవచ్చు. 1984లో క్రాస్కే, క్రెయిగ్ అనే మనస్తత్వ పరిశోధకులు పియానో విద్యార్థుల చేత ఒంటరిగా ఒకసారి, శ్రోతల ముందు మరోసారి వాయింపజేసి, ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూశారు. సరైన పద్ధతి అదే.

మాటను కొలిచేది ప్రశ్నావళి. స్పీల్‌బెర్గర్ బృందం 1970లో వెలువరించిన ప్రశ్నావళిలో 20 వాక్యాలు ఆ నిమిషపు ఆందోళనను, మరో 20 మనిషి స్వభావంలోని ఆందోళనను అడుగుతాయి. ఒక్కో భాగానికి 20 నుంచి 80 దాకా మార్కులు. అది అందరికీ పనికొచ్చేది. సంగీతజ్ఞుల కోసమే సిడ్నీ విశ్వవిద్యాలయానికి చెందిన డయానా కెన్నీ 2004లో 26 వాక్యాలతో ఒకటి తయారుచేసి, తర్వాత 40కి పెంచారు. చేతులు వణకడం, కచేరీ అయ్యాక తప్పులను తలుచుకుని కుమిలిపోవడంతో పాటు చిన్ననాడు ఇంట్లో దొరికిన అండ గురించి కూడా అది ఆరా తీస్తుంది.

సంగీతజ్ఞుల కోసం చేసిన ఇలాంటి ప్రశ్నావళులు స్వరలిపిని చూసి వాయించే సంప్రదాయంలో పుట్టాయి. కర్ణాటక సంగీతంలో భయం కచేరీ పొడుగునా ఒకే మట్టాన ఉండదు. ఏళ్ల తరబడి సాధన చేసిన కృతి కాళ్ల కింద నేలలా నిలుస్తుంది. నెరవు, స్వరకల్పన దగ్గరికి వచ్చేసరికి పాడేది అప్పటికప్పుడు పుట్టాలి. పక్కన వయొలిన్ బదులివ్వడానికి కాచుకుని ఉంటుంది, మృదంగం ముక్తాయింపు కోసం చూస్తుంటుంది. మొత్తం కచేరీకి కలిపి ఒకే అంకె అడిగితే ఈ ఎగుడుదిగుడులన్నీ చదునైపోతాయి. మర్నాడు రికార్డు వినిపిస్తూ ఎక్కడెక్కడ ఎంత భయం వేసిందో సున్నా నుంచి పది లోపు చెప్పించుకోవడం మేలు.

ఒంటి కొలతల్లో గుండె వేగం తేలిక, మోసపోవడమూ అంతే తేలిక. వడమాలపేట మండలం అప్పలాయగుంటలో ప్రసన్న వేంకటేశ్వరస్వామి బ్రహ్మోత్సవాలప్పుడు వాహనం ముందు నడుస్తూ నాగస్వరం ఊదే విద్వాంసుడి నాడి పట్టుకుంటే వేగంగానే ఉంటుంది. ఊపిరి బిగించి ఊదడం, నడక, ఎండ, జనం అన్నీ అందులో కలిసి ఉంటాయి. అందులో భయం వాటా తేలాలంటే అదే కీర్తనను అదే మనిషి సాధనలో వాయించినప్పటి వేగం ముందుగా రాసిపెట్టుకోవాలి. లాలాజలంలో కార్టిసాల్ అనే హార్మోనును కొలవడం ఇంకో దారి. ఒత్తిడి మొదలైన ఇరవై ముప్పై నిమిషాలకు గాని అది పతాక స్థాయికి చేరదు. పైగా మామూలు రోజున కూడా పొద్దున ఎక్కువగా, రాత్రికి తక్కువగా ఉంటుంది. తిరుమలలో ఉదయం పాడిన పాటకు, తిరుపతి మహతి ఆడిటోరియంలో సాయంత్రం పాడిన పాటకు తీసిన అంకెలను నేరుగా పోల్చకూడదు.

అన్నిటికన్నా కష్టం సంగీతాన్ని కొలవడం. స్వరం తన స్థానం నుంచి ఎంత కదిలిందో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌కు తోడి రాగంలోని గాంధారం వినిపిస్తే, ఆ ఊపునంతా వణుకుగా రాసుకుంటుంది. అది కంపిత గమకం, రాగానికి ప్రాణం. అసలు వణుకు పట్టుబడేది గమకం లేకుండా నిలబెట్టే షడ్జమ పంచమాల్లో. తారషడ్జం మీద నిలిచిన గొంతు, విలంబకాలంలో నిదానంగా లాగే వయొలిన్ కమాను భయాన్ని దాచలేవు. యంత్రం అక్కడే వినాలి. మిగతాది విద్వాంసుల చెవికి వదలాలి, ఏది ఇంటి రికార్డో ఏది సభ రికార్డో వాళ్లకు ముందుగా చెప్పకుండా.

సభాకంపం కొత్తగా నేర్చుకునేవాళ్ల బలహీనత అనుకోవడం పొరపాటు. అమెరికాలో 1987 ప్రాంతంలో 48 వాద్యబృందాలకు చెందిన 2,212 మంది వృత్తి కళాకారులను అడిగితే, సభాకంపం సమస్యగా ఉందన్నవాళ్లు 24 శాతం, తీవ్రంగా ఉందన్నవాళ్లు 16 శాతం.

సంగీత పాఠశాలల్లో ఈ కొలతలు వాడదలిస్తే విద్యార్థిని పక్కవాడితో కాకుండా నిరుటి తనతోనే పోల్చాలి. భయం మార్కు చూపి అరంగేట్రం ఆపడం అన్యాయం. గుండెదడ తగ్గించే ప్రొప్రనలాల్ లాంటి మాత్రలు తోటివాళ్లు చెప్పారని మింగకూడదు, ఉబ్బసం ఉన్నవాళ్లకు అవి ప్రమాదకరం. ఏడాది సాధన తర్వాత కూడా భయం దిగకుండా, వేదిక పేరెత్తితేనే నిద్ర పట్టని పిల్లలను మానసిక వైద్యులకు చూపించాలి. వడమాలపేట వైపు పిల్లలైతే అందుకు దూరం పోనక్కర్లేదు, ఆ విభాగం తిరుపతి రుయా ఆసుపత్రిలోనే ఉంది.