అమ్మాలా, కుదువబెట్టాలా?



మా ఇంట్లో ఒకసారి అవసరానికి కాసులపేరు అమ్మాం, మరోసారి గాజులు కుదువబెట్టాం. గాజులు ఇంటికొచ్చాయి. కాసులపేరు మళ్ళీ కొనలేకపోయాం.

దేశాల సంగతీ అంతేనండీ. 1991లో విదేశీ మారకం అడుగంటితే మన రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారం తాకట్టు పెట్టి అప్పు తెచ్చింది. పరువు పోయిందని చాలామంది బాధపడ్డారు. కానీ అప్పు తీరింది, బంగారం మనకే దక్కింది.

అదే బ్రిటన్ చూడండి. 1999–2002 మధ్య దాదాపు 395 టన్నులు అమ్మేసింది. ఔన్సుకు సగటున 275 డాలర్లే వచ్చాయి. తర్వాత ధర ఎన్నో రెట్లు పెరిగింది.

పెట్టెలో బంగారం వడ్డీ తెస్తుందా అంటారు కొందరు. తేదు, నిజమే. కానీ మన మాట ఎవరూ నమ్మని రోజున అప్పు పుట్టించేది అదే. గడ్డురోజు వస్తే కుదువబెట్టుకోవాలి గాని అమ్ముకోకూడదని నా అభిప్రాయం.