మన గుంటలలోని నల్లకలువ
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన బీరువాలలోని ప్రబంధములను తెరచినచో కలువలు లేని గ్రంథ మరుదు. చెరువుగట్టున నిలిచి కలువ యేదియని పిల్లవాని నడిగినచో మాత్రము గుర్రపుడెక్క పూవును చూపుచున్నాడు. వాని తప్పేమియు లేదు. నేడు కంటికి విస్తారముగా కనబడునది అదియే. అది దక్షిణ అమెరికానుండి వచ్చిన కలుపు. ఆకుకాడ బుడ్డవలె నుబ్బి, నీటిపై తేలుచు, గాలి యెటు తోసిన నటు పోవును. కలువ యట్టిది కాదు. దాని దుంప బురదలో పాతుకొని యుండును. నీరు పెరిగినకొలది కాడ సాగును.

తామరకును కలువకును భేదము పూవులో వెదుకనక్కరలేదు, ఆకు చాలును. తామరాకు చీలిక లేని గుండ్రని పళ్లెము. కాడ నడిమికి అంటియుండును. ముదిరిన ఆకు నీటికి పైగా లేచి నిలుచును. కలువాకు నీటిమీదనే పరచుకొనును, ఒక ప్రక్క కాడవరకు చీలియుండును. తామరకాడ చేతికి గరుకు. తామరకాయ నీటిపైన నిలుచును. కలువకాయ నీటిలోనికి క్రుంగి అచ్చటనే పండును.

కలువ చంద్రుని జూచి వికసించునని కవులు చెప్పుదురు. తెల్లకలువ, ఎర్రకలువల పట్ల ఆ మాట నిజమే; అవి రాత్రి విచ్చి మరునాటి ప్రొద్దెక్కిన పిదప ముడుచుకొనును. నల్లకలువ అట్లు కాదు, పగటి పూవు. (పేరు నల్లకలువయే గాని రంగు లేతనీలము.) పూవు లేనప్పుడు ఆకు నడుగున తడవి చూడుడు: రాత్రి పూచు తెల్లకలువకు అచ్చట నూగుండును, అంచు రంపపు పండ్లవలె నుండును. నల్లకలువాకు అడుగు నునుపు.

ఇది యెచ్చట పెరుగును? 1855లో పూర్తియైన ఆనకట్టవలనను, 1957లో దాని స్థానమున వచ్చిన ప్రకాశం బ్యారేజివలనను కృష్ణ నీరు తెనాలి, రేపల్లె, బాపట్ల పొలములకు పారుచున్నది. అయినను కొమ్మమూరు కాలువ వడిలో కలువ నిలువదు. ఊరచెరువు, బాటప్రక్క మట్టి తీసిన గుంట, వరిచేల చివరి పల్లము, ఇట్టి నిలకడనీరే దానికి నెలవు. సూర్యలంక, నిజాంపట్నముల ఉప్పునీటి పట్టున వెదకుట వృథా. అది మడచెట్ల రాజ్యము.

ఉమ్మడి ఆంధ్రప్రదేశమునకు రాష్ట్రపుష్పము కలువయే. 2018లో ఆ గౌరవము మల్లెకు పోయినది. మల్లెపై నాకు కోపము లేదు. నా బాధ వేరు. చెరువు బాగుచేయునపుడు గుర్రపుడెక్కతోపాటు కలువదుంపలును గట్టున పడి ఎండుచున్నవి. గుర్రపుడెక్కను తీయవలసినదే. పనివారికి మాత్రము చీలిన ఆకును ముందుగా చూపి, ఒక మూల పూడికను కదల్పక విడిచిన చాలును, దుంప తనంతట తానే మరల చిగుర్చును.

గుర్రపుడెక్క, తామర, కలువ, ఈ మూటి ఆకులను ఎండబెట్టి అట్టపై నంటించి మన పఠనమందిరపు గోడకు తగిలింపుడని కార్యవర్గమును కోరుచున్నాను. తామరాకు పెద్దది కావున అట్ట పెద్దదే కావలెను.