గాడి తగ్గిన పాడి తగ్గును



గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు సీమలలో మాఘము దాటినది మొదలు రైతు గడ్డివామివైపు చూచి లెక్క వేసికొనుట పరిపాటి. వామి తరుగుకొలది మొదట కోతపడునది ఆవు మేతయే. ఆ కోతవలన కలుగు నష్టమును గూర్చి నేడు నాలుగు మాటలు మనవి చేసెదను.

నా చిన్ననాట మా యింట నొక కపిల యుండెడిది. ఈనిన నెలలో పూటకు మూడు లీటర్ల పాలిచ్చుచుండెను. ఆ యేడు వానలు తప్పినవి, చొప్ప ప్రియమైనది. మా తండ్రిగారు దాణాను సగము చేసిరి. పది దినములలో పాలు తగ్గినవి. “పాలియ్యనిదానికి దాణా యెందులకు?” అని మిగిలిన సగమును గూడ మానిపిరి. మేము చేసిన పని ఫలమునే మరల ఆ పని చేయుటకు కారణముగా గైకొంటిమి. వానలు పడి పచ్చిక మొలిచినను ఆ యీతలో కపిల మునుపటి పాలకు రాలేదు, చూలు కట్టలేదు. తుదకు సంతకు తోలితిమి. పలుపును కొన్నవాని చేతి కిచ్చినవాడను నేనే.

ఇట్లేల జరుగును? ఆవు తిన్న మేత మొదట దాని ప్రాణరక్షణకు వినియోగమగును, మిగిలినదే పాలగును. పాలలో నూటికి సుమారు 87 వంతులు నీరు. ఆ నీటిని పొదుగులోనికి లాగునది పాలలోని చక్కెర. కడుపులో పులిసిన మేతనుండి పుట్టిన సారముతో కాలేయము రక్తమున కిచ్చు చక్కెరయే దానికి మూలము. మేత తగ్గిన చక్కెర తగ్గును. చక్కెర తగ్గిన పాల కొలత తగ్గును. ఈనిన క్రొత్తలో ఆవు తన కొవ్వును కరగించి కొన్నాళ్లు పాలిచ్చును. అది చూచి యజమాని మురియును. అది అప్పు చేసి పెట్టిన విందువంటిది. పిమ్మట ఎముకలు తేలును, ఎద తప్పును.

400 కిలోల ఆవునకు దినమునకు సుమారు 10 కిలోల ఎండుమేతకు సరియైన ఆహారము కావలయును. ఎండుగడ్డి తినునపుడు దేహపోషణకు ఒక కిలో దాణాయు, ఆపై ప్రతి రెండున్నర లీటర్ల పాలకు ఒక కిలోయు పెట్టుట వాడుక. గేదెకైన రెండు లీటర్లకే ఒక కిలో. అమ్రాబాదు అడవుల పొడతూర్పు పశువులు కొండమేతతో బ్రదుకును. అవి సేద్యమునకు పేరుపొందిన జాతి. వానిని చూచి పాడియావు మేత కొలవరాదు.

మన పొలములలో వేరుసెనగ పీకిన పిదప మిగులు తీగ జొన్నచొప్పకంటె బలమైన మేత. బాగుగా ఎండబెట్టి దాచుడు. బూజు పట్టినదానిని పెట్టకుడు. చొప్పను నరికి వేసిన వృథా తగ్గును. ఎండకాలమున పశువు తనంతట తానే తక్కువ తినును గాన, తెల్లవారుజామునను రాత్రియు మేపుడు. నీటికి కొరత రానీయకుడు. గాడినిండ మేత యుండియు ఆవు ముట్టనిచో అది రోగచిహ్నము. పశువైద్యునికి వెంటనే చూపుడు.

వామి లెక్కను వేసవిలో గాక కోతలనాడే వేయుడు. చాలదని తోచిన, చొప్ప చౌకగా నున్నపుడే కొనుడు. మా యింట నాడు ఆ లెక్క వేసియుండిన కపిల మా కొట్టముననే యుండెడిది.

సెలవు.